నడిచే పెట్టె కోసం జహీరాబాద్ దాకా

ఎందుకు వెళ్లానంటే

జహీరాబాద్ చూడటానికని ఎవరూ జహీరాబాద్ వెళ్లరు. బొంబాయికో బీదరుకో పోయేవాళ్లు అక్కడ టీకి దిగుతారు, గ్లాసు ఖాళీ చేసి మళ్లీ బస్సెక్కుతారు. నేను మూడు రోజులు ఉండి వచ్చాను. మా తెనాలిలో ఎక్కడికెళ్లారంటే చెప్పాను గానీ, ఎందుకెళ్లారంటే నీళ్లు నమిలాను. ఒక ఇనుపపెట్టె నడుస్తుందో లేదో చూసి రావడానికి అరవై దాటిన మనిషి రైలూ బస్సూ పట్టుకుని పోయాడంటే నవ్వుతారు. వెళ్లనివాళ్ల కోసం, నవ్వేవాళ్ల కోసం కూడా, ఇది రాస్తున్నాను.

నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. పన్నెండేళ్ల పాటు ఒక వారపత్రికలో పాఠకుల సైన్సు సందేహాలకు జవాబులు రాశాను. జవాబులంటే చాలావరకు ఒకటే జవాబు, కాదు. నీళ్లతో నడిచే మోటారు సైకిలా? కాదు. ఒకసారి తిప్పితే ఎప్పటికీ ఆగని చక్రమా? కాదు. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని జనం వణికిపోయిన రోజుల్లో కూడా మన మీద పడదనే రాశాను. పడలేదు. నేను చెప్పినట్టే జరిగినందుకు ఒక్కరు కూడా ఉత్తరం రాయలేదు. కాదనేవాడి మీద ఎవరికీ ప్రేమ పుట్టదు. తర్వాత వచ్చిన కొత్త సంపాదకుడు నా పేజీ తీసేసి అక్కడ వారఫలాలు వేయడం మొదలుపెట్టాడు. మొదటి వారమే నా రాశికి బంధుమిత్రుల సమాగమం ఉందని రాశారు.

పేజీ పోయాక ఉత్తరాలూ పోయాయి. ఒక్క మనిషి మాత్రం మానలేదు. ఆయన పేరు శివరాజప్ప. జహీరాబాద్ దగ్గర చెరుకు గానుగలూ డీజిల్ ఇంజన్లూ బాగుచేస్తాడు. రాకెట్టు గురించి నేనెప్పుడో రాసిన ముక్కను పట్టుకున్నాడు. తెడ్డు లేని పడవలో కూర్చున్నవాడు రాళ్లు వెనక్కి విసిరితే పడవ ముందుకు పోతుంది, రాకెట్టు మండిన వాయువును అలాగే వెనక్కి విసురుతుంది అని రాశాను. "రాళ్లు అయిపోతే ఏం చేస్తడు సార్?" అని మొదటి ఉత్తరంలో అడిగాడు. మంచి ప్రశ్న. రాళ్లు అయిపోతే ఇక వేగం పెంచుకోలేడు, అందుకే రాకెట్టు బరువులో ఎక్కువ భాగం విసరడానికి మోసుకెళ్లే సరుకే అని జవాబు రాశాను. రెండో ఉత్తరంలో, ఏమీ విసరకుండా ఆకాశంలో పోయే యంత్రం తాను చేస్తున్నానన్నాడు.

అలాంటిది కుదరదు. బండిలో కూర్చుని ఆ బండి ముందుపలకను ఎంత బలంగా తోసినా బండి కదలదు. కదలాలంటే దిగి, నేల మీద కాలు తన్నిపెట్టి తోయాలి. పెట్టె లోపల ఎన్ని చక్రాలు తిరిగినా అంతే. ఆ మాటే రాశాను. ఆయన ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే, ఎంతో మర్యాదగా, వారానికో ఉత్తరం చొప్పున రెండేళ్లు వాదించాడు. ఆఖరి ఉత్తరం ఇలా ఉంది: "పెట్టె నడుస్తున్నది సార్. ఇంక పెద్దది చేసి శ్రీహరికోట వాండ్లకు చూపియ్యాలె. దానికోసం నా లేత్ మిషన్ అమ్ముతున్న. బీదర్ సేటు శుక్రవారం వచ్చి తీస్కపోతనన్నడు. మీరొచ్చి చూసి అవునంటే అమ్ముత, కాదంటే అమ్మ. మీదే ఆఖరి మాట."

లేత్ అంటే ఇనుమును గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం. మెకానిక్కుకు అది పోతే చేతులు పోయినట్టే. ఒక కార్డు ముక్క మీద 'కాదు' అని రాసి పోస్టులో పడేస్తే నా బాధ్యత తీరిపోయేది. రాయలేదు. ఆ ఒక్క మాటతో ఆయన ఉత్తరాలు ఆగిపోతాయని భయం. మా వీధిలో పోస్టుమాన్ నా గుమ్మం ముందు సైకిలు దిగేది ఆయన ఉత్తరాల కోసమే. ఎదురుగా కూర్చుని చెబితే ఆ కాదు కొంచెం మెత్తగా తగులుతుందేమో అనుకుని బయలుదేరాను.

సంగారెడ్డి దాటాక

బుధవారం పొద్దున సికిందరాబాదులో రైలు దిగి, హైదరాబాదు బస్సుస్టాండుకు వచ్చి బీదరు బస్సెక్కాను. సంచిలో ఒక స్ప్రింగు త్రాసు, తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే ఇత్తడి గుండుతాడు, లెక్కల నోటుబుక్కు, శివరాజప్ప ఇంటికని ఒక సీసాడు ఆవకాయ. నా పక్కన కోహీర్ వైపు రైతు ఒకాయన కూర్చున్నాడు. గుండుతాడు చూసి మేస్త్రీనా అన్నాడు. కాదు, సైన్సు పంతుల్ని అన్నాను.

"గట్లయితే ఒక మాట చెప్పున్రి సార్. మల్ల స్కైలాబ్ లెక్క ఏమన్న పడతదా పైకెళ్లి?"

"పడదండి."

"గప్పుడు గూడ ఎవరో పేపర్ల గిట్లనే రాసిన్రంట. మా తమ్ముడు ఇంటడా? ఎట్లయిన సచ్చుడే గదా అని ఉన్న రెండు మేకల్ని కోసి ఊరందర్కి పెట్టిండు. పొద్దుగాల లేచి చూస్తే అందరం ఉన్నం, మేకలు లేవు."

ఆయనతో పాటు నేనూ నవ్వాను. ఆ రాసినవాణ్ణి నేనేనని చెప్పలేదు. చెబితే తమ్ముడి మేకలు కూడా నా పద్దులో పడతాయి.

సంగారెడ్డి దాటాక నేల రంగు మారుతుంది. మావైపు నల్లరేగడి, కాలువ, మళ్లీ కాలువ. ఇక్కడ నేల ఇటుకరాతి ఎరుపు. ఆ ఎర్రరాయినే దిమ్మెలుగా కోసి ఇళ్లు కట్టుకుంటారు. అక్కడక్కడా చెరుకు తోటలు, మిగతాదంతా ఖాళీగా, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లిపోయినట్టుగా ఉంటుంది. కిటికీలోంచి చూస్తుంటే మా ఇంట్లో సాయంకాలాలు గుర్తొచ్చాయి. రెండు గదులు, ఒక కుర్చీ. రెండో కుర్చీ ఉండేది, కోడు విరిగితే బాగుచేయించలేదు. వచ్చి కూర్చునేవాళ్లెవరు?

"సార్, మీ సంచిలకెళ్లి నెత్తురు కారుతున్నది!" అన్నాడు రైతు, కంగారుగా.

ఆవకాయ సీసా మూత వదులైంది. నోటుబుక్కులో మూడువంతులు ఎర్రటి నూనెలో మునిగిపోయింది. రైలులో కూర్చుని రాసుకున్న సమీకరణాలన్నీ అందులోనే ఉన్నాయి. రైతు సంచి అడుగున వేలితో అద్దుకుని నాలిక మీద పెట్టుకుని, "మస్తుగున్నది" అన్నాడు. నా లెక్కలను మెచ్చుకున్న వాళ్లలో ఆయనే ఆఖరివాడు.

చిరాగ్‌పల్లి రోడ్డు మీద షెడ్డు

శివరాజప్ప బస్సు దగ్గరే నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. నుదుట విభూతి, గోళ్లలో నల్లనూనె. 

"వచ్చిన్రా సార్! పొద్దుగాలసంది ప్రతి బస్సు చూస్తున్న. మీరు లావుగుంటరనుకున్న."

"ఎందుకండీ?"

"మీ ఉత్తరాలు గంత బరువుగుంటయ్ గద."

ఊరు దాటి చిరాగ్‌పల్లి వైపు పోయే రోడ్డు పక్కన ఆయన షెడ్డు, దాని వెనకే ఇల్లు. ఎదురుగా బొంబాయి లారీలు ఆగుతాయి. ఆయన లారీవాళ్లతో ఉర్దూలో, భార్య మహాదేవితో కన్నడంలో, నాతో తెలుగులో మాట్లాడతాడు. ఒక్క వాక్యంలో మూడూ వాడటం కూడా విన్నాను. ఇంట్లో వాళ్లిద్దరే. మహాదేవమ్మ కాళ్లకు నీళ్లిచ్చి, "జర కూసోన్రి అన్నా, రొట్టెలు చేస్త" అని పొయ్యి దగ్గరికి వెళ్లింది. నన్ను అన్నా అని పిలిచి ఎంతకాలమైందో ఎవరైనా!

జొన్నరొట్టె, పుంటికూర, పల్లీల పొడి, గడ్డపెరుగు. పుంటికూర అంటే మన గోంగూరే, పేరు మార్చుకుని ఇక్కడ కాపురముంది. మావైపు పూటకు అన్నం మానేసి రొట్టె తింటున్నానంటే షుగరొచ్చిందా అని పరామర్శిస్తారు. ఇక్కడ నేను అన్నం అడిగేసరికి మహాదేవమ్మ, "కడుపుల బాగలేదా అన్నా?" అంది. రెండో రొట్టె విరవడం రాక నేను తంటాలు పడుతుంటే శివరాజప్ప చూడనట్టు తల తిప్పుకున్నాడు.

తిన్నాక షెడ్డులోకి తీసుకెళ్లాడు. మధ్యలో లేత్, నూనె పట్టి మెరుస్తూ ఉంది. దాన్ని దాటుకుని, మూలనున్న గోనెపట్టా తీశాడు. గానుగలకు వేసే ఆకుపచ్చ రంగే పూసిన పెట్టె, ట్రంకుపెట్టెకు సగం ఉంటుంది. లోపల ఒక మోటారు సైకిల్ బ్యాటరీ, చిన్న మోటారు, ఎదురెదురుగా తిరిగే రెండు బరువులు. ఆ బరువులు ఒకవైపు నెమ్మదిగా పోయి, రెండోవైపు చటుక్కున తిరిగొచ్చేలా అమర్చాడు. ఆ పళ్లచక్రాలు ఒక్కొక్కటీ లేత్ మీద తానే చెక్కుకున్నవి. అంత చక్కటి పనితనం నేను మా కాలేజీ ప్రయోగశాలలో కూడా చూడలేదు.

"గీ ఆలోచన ఎట్లొచ్చిందంటే సార్, ఒకరోజు ఒక పంపు ఇంజన్ స్టార్ట్ చేసి, బోల్టులు బిగించుడు మర్చిపోయిన. చాయ్ తాగొచ్చి చూస్తే మూడు గజాలు నడిచి దర్వాజా కాడ నిలవడ్డది. దానికి చక్రాల్లేవు, కాళ్లు లేవు. ఏదీ వెనక్కి విసర్లే. మరి ఎట్ల నడిచింది?"

పెట్టెను షాబాద్ బండల మీద పెట్టి స్విచ్చి వేశాడు. అది గుర్రుమంటూ వణికి, కదిలింది. జానెడు, మూరెడు, రెండు మూరలు. నేల వాటంగా ఉందేమోనని నేను చెంబుతో నీళ్లు పోశాను. "చూడున్రి సార్, నేను గూడ అట్లనే చూసిన" అన్నాడు. నీళ్లు ఒకవైపు పారాయి, పెట్టె రెండోవైపు పోయింది. తిప్పిపెడితే ఎదురు దిక్కున నడిచింది. బయట నిలబడి చూస్తున్న లారీ డ్రైవర్ ఒకడు, "చంద్రుని మీదికి పోయేటప్పుడు మాకు గూడ చెప్పు శివన్నా, ఆలుగడ్డల లోడు ఎక్కిస్తం" అన్నాడు. మిగతావాళ్లు పగలబడి నవ్వారు. శివరాజప్ప కూడా నవ్వాడు, అలవాటైన నవ్వు.

"ఎట్లున్నది సార్?"

అది ఎలా నడుస్తోందో అప్పటికే నాకు తెలుసు. లోపలి బరువు చటుక్కున తిరిగినప్పుడు పెట్టె బండ మీద జారుతుంది, నెమ్మదిగా తిరిగినప్పుడు బండను పట్టుకుని ఆగుతుంది. బండ లేకపోతే నడక లేదు. రెండు వాక్యాల్లో అయిపోయే మాట. కానీ ఆయన కళ్లు నా మొహం మీదున్నాయి. వచ్చి ఇంకా పూట కూడా కాలేదు.

"ఇంకా చూడాలండి," అన్నాను. "శుక్రవారం పొద్దున పరీక్ష పెడదాం."

కోహీర్

గురువారం కోహీర్ దగ్గర ఒక గానుగ ఆగిపోయిందని కబురొచ్చింది. "షెడ్ల కూసోని ఏం చేస్తరు, రాన్రి" అని నన్నూ మోటారు సైకిల్ వెనక ఎక్కించుకున్నాడు. దారంతా గుంతలు. ప్రతి గుంతకీ ఒక ప్రశ్న అడిగేవాడు. చంద్రుడు ఎందుకు పడిపోడు? వెలుతురుకు బరువుంటదా? గాలి లేని చోట దీపం ఎందుకు వెలగదు? నేను గాలిలోకి అరిచి జవాబులు చెబుతూనే ఉన్నాను. గొంతు బొంగురుపోయింది. అంత సంతోషంగా నా గొంతు బొంగురుపోయి ఎన్నేళ్లయిందో.

కోహీర్ జామపండ్ల ఊరు. రోడ్డు పక్కన బుట్టలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చుంటారు. రూపాయికి దోసిలి నిండా ఇచ్చి, బేరం చేయనందుకు నన్నొకసారి ఎగాదిగా చూసి మరో రెండు వేసింది ఒకామె. మావైపు జామకాయను ఉప్పూకారం లేకుండా ముట్టుకోరు. ఈ పండుకు అవి పెడితే ఆమె బుట్ట లాక్కునేలా ఉంది. గానుగ బాగయ్యేవరకు నేను బెల్లం వండే పెద్ద బాణలి దగ్గర నిలబడ్డాను. అక్కడి రైతు చెరుకు ఆకు మీద వేడి బెల్లపు పాకం వేసిచ్చాడు. నోరు కాలింది. ఆ మచ్చ నాలుగు రోజులుంది.

పని అయ్యాక గట్టు మీద కూర్చుని జామపండ్లు తింటూ శివరాజప్ప అన్నాడు: "ఊళ్లె నన్ను రాకెట్ శివన్న అంటరు సార్. పెండ్లిళ్లకు పిలుస్తరు, పక్కన కూసోరు. ఏమన్న అడిగితే, ఏడి దాక వచ్చిండు చంద్రుడు అని నవ్వుతరు."

"నేనూ కాదనే రాశాను కదండీ, ప్రతిసారీ."

"మీరు చదివి కాదన్నరు. ఈడ చదవకుండనే కాదంటరు. ఫరక్ లేదా?"

ఆ గట్టు మీదే అబద్ధం చెప్పాలనిపించింది. అవును, నడుస్తుంది, ఆకాశంలో కూడా నడుస్తుంది అంటే చాలు. శుక్రవారం లేత్ పోతుంది, ఉత్తరాలు మాత్రం నిలుస్తాయి. పన్నెండేళ్లు రాసిన మనిషికి అంత నీచమైన ఆలోచన ఎలా వచ్చిందో తెలియదు. వచ్చింది, దాచను.

తిరిగొస్తూ ఒక దుకాణం దగ్గర ఆపమన్నాను. "గట్టి తాడు కావాలి, పొడుగ్గా."

"ఎందుకు సార్?"

"పెట్టెను పైనించి వేలాడదీసి నడిపిద్దాం. ఆకాశంలో కింద బండలుండవు కదా."

ఆయన మోటారు సైకిల్ ఆపేసి స్టాండు వేశాడు. ఆ తర్వాత, "గా పని నేనెన్నడు చెయ్యలే సార్," అన్నాడు. "మా షెడ్ల ఇంజన్ను పైకి లేపుతమంటే అది సచ్చిపడ్డదన్నట్టు. రిపేరుకే లేపుతం. తాడు మీదున్న ఇంజన్ను స్టార్ట్ చేసుడు మా ఉస్తాద్ నేర్పలే. తప్పు అది. బోల్టేసి, కింద పెట్టినంకనే చాలు చెయ్యాలె."

అప్పటిదాకా నాకొక సందేహం ఉండేది. ఇంత తెలివైనవాడు ఇన్నేళ్లలో ఇంత సులువైన పరీక్ష ఎందుకు చేయలేదా అని. ఇదన్నమాట. ఇంజన్ను నేల మీద పెట్టాకే నడపాలని ఆయన చేతులకు చిన్నప్పుడే ఆ ఉస్తాద్ నేర్పాడు. నేల లేని చోటికి పోయే యంత్రాన్ని కూడా ఆ చేతులు నేల మీదే పెట్టి చూశాయి.

ముగ్గుపిండి మీద గీత

శుక్రవారం పొద్దున ఇంజన్లను లేపే దూలానికి తాడు కట్టాం. పెట్టె నేలకు నాలుగు వేళ్ల ఎత్తున వేలాడింది. పెట్టె అడుగున ఒక సన్నటి మేకు కట్టి, మేకు మొన సరిగ్గా తాకేలా కింద పళ్లెంలో ముగ్గుపిండి పరిచాను. పెట్టె ఊరికే వేలాడుతున్నప్పుడు మేకు నిలిచిన చోట చుక్క పెట్టాను. నిలువు సరిగ్గా ఉందో లేదో గుండుతాడుతో చూశాను. లోపలి యంత్రం నిజంగా తోస్తుంటే పెట్టె ఒకవైపు వాలి అక్కడే ఉండిపోవాలి. తోయకపోతే చుక్కకు అటూ ఇటూ ఊగుతుంది, అంతే. ఇది ఆయనకు ముందే చెప్పాను.

"సరే సార్. వాలితే అవును, వాలకుంటే కాదు," అన్నాడు. మహాదేవమ్మ గుమ్మంలో చాట పట్టుకుని జొన్నలు చెరుగుతూ కూర్చుంది. చేయి ఆడుతోంది గానీ చూపు ఇక్కడే ఉంది.

తాడు మీదున్న యంత్రం కదా, స్విచ్చి వేసేముందు ఆయన దానికి దండం పెట్టాడు.

పెట్టె గుర్రుమంది. ఒక్కసారిగా ముందుకు ఊగింది. మేకు చుక్కను దాటి పిండిలో వేలెడు పొడుగున గీత గీసింది. "పోయింది సార్, పోయింది!" అని ఆయన నా భుజం పట్టుకున్నాడు. చెబితే నమ్మరు, నా గుండె కూడా ఎగిరింది. నేను చదివినదంతా తప్పైపోయినా ఫర్వాలేదు, ఈ మనిషి గెలవాలి అనుకున్నాను. తర్వాత పెట్టె వెనక్కి వచ్చింది. అంతే దూరం వెనక్కి పోయింది. మళ్లీ ముందుకు, మళ్లీ వెనక్కి. కాసేపటికి ఆ ఊపు కూడా తగ్గి చుక్క మీదే నిలబడి సన్నగా వణకసాగింది. అరగంట నడిపాం. తిప్పి కట్టి మరో అరగంట నడిపాం. పళ్లెంలో చుక్కకు రెండువైపులా గీత సరిసమానంగా ఉంది. ఆయనే పుల్లతో కొలిచాడు. మూడుసార్లు కొలిచాడు.

ఆయన బ్యాటరీ తీసి పక్కన పెట్టాడు.

"మరి బండ మీద ఎట్ల పోయింది సార్?" అన్నాడు చివరికి.

నేను సుద్దముక్క తీసుకుని నేల మీద బాణాలు గీయడం మొదలుపెట్టాను. ఘర్షణ, వేగం, దిశ. ఆయన తలూపుతున్నాడు గానీ వినడం లేదు. నాకే విసుగొచ్చి ఆగిపోయాను. అప్పుడు మహాదేవమ్మ గుమ్మంలోంచి అంది:

"చాటల జొన్నలు ఎట్ల ముందుకు పోతయో గట్లనే గద. మెల్లగ ముందుకు తోస్త, దబ్బున వెనక్కి గుంజుత. జొన్నలు ముందుకే పోతయ్. చాట లేకుంటే యాడికి పోతయ్?"

ఇద్దరం ఆమెవైపు తిరిగాం. పన్నెండేళ్లు పత్రికలో రాసి, ముప్పై ఏళ్లు పాఠం చెప్పి, నేను ఇంత శుభ్రంగా ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ ఉత్సాహంలోనే నా జీవితంలోకెల్లా పెద్ద తెలివితక్కువ మాట అనేశాను.

"నిజమేనండి! ఆ మాటకొస్తే దీన్ని కొంచెం మారిస్తే జొన్నలు చెరిగే యంత్రం అవుతుంది. రైతులు ఎగబడి కొంటారు."

శివరాజప్ప నన్ను చూశాడు. కోపం లేదు. అదే కష్టంగా ఉంది.

"నేను మిమ్మల్ని ఆస్మాన్ సంగతి అడిగిన సార్. మీరు నా చేతికి చాట ఇస్తున్నరు."

మహాదేవమ్మ చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడే రోడ్డు మీద ట్రాక్టరు ఆగింది. బీదర్ సేటు ఇద్దరు కూలీలతో దిగి లేత్ చుట్టూ తిరిగి చూసి, "ఏమప్పా, బోల్టులు ఊడదియ్యమంటవా?" అన్నాడు. శివరాజప్ప నావైపు చూడలేదు, లేత్ వైపు కూడా చూడలేదు. వేలాడుతున్న పెట్టెను చేత్తో ఆపి పట్టుకుని, "కూసోన్రి సేటూ. చాయ్ తాగున్రి" అన్నాడు.

తిరుగు బస్సు

నా బస్సుకు వేళైంది. ఆయన షెడ్డులోంచి బయటికి రాలేదు. అమ్మాడో లేదో అడిగే ధైర్యం నాకు లేదు. మహాదేవమ్మ రోడ్డుదాకా వచ్చి గుడ్డలో కట్టిన రొట్టెలూ జామపండ్లూ ఇచ్చింది.

"మీ మీద కోపం కాదన్నా. ఆయన మీద ఆయనకే. నేను చాట మాట అనకుంటనన్న ఉండాల్సింది."

"నిజమే కదమ్మా మీరన్నది."

"నిజమైతే మాత్రం? నేను గూడ కాదన్నట్టయింది గద."

మూట తీసుకుని బస్సెక్కాను. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే ఉంది. షెడ్డు తలుపు సగం వేసి ఉంది. సంగారెడ్డి దాకా కిటికీలోంచి ఏం చూశానో గుర్తులేదు. నిజం చెప్పి వచ్చినవాడికి ఉండాల్సిన తృప్తి ఎక్కడా దొరకలేదు. ఆకలేసి మూట విప్పితే రొట్టెలు ఇంకా మెత్తగా ఉన్నాయి. తినలేకపోయాను.

తెనాలి

మాఘమాసం పోయింది, ఎండాకాలం వచ్చింది. పోస్టుమాన్ సైకిలు నా గుమ్మం దాటి పోతూనే ఉంది. నేను రెండు ఉత్తరాలు రాసి చింపేశాను. క్షమించమని రాయడానికి నేను చెప్పింది తప్పు కాదు. ఎలా ఉన్నారని రాయడానికి మొహం చెల్లలేదు. ఆ రోజుల్లో వడ్రంగిని పిలిచి విరిగిన కుర్చీ కోడు వేయించాను. ఎందుకో అడగొద్దు.

మొదటి వాన పడిన రోజు కార్డు వచ్చింది. మూడే ముక్కలు.

"సార్, తాడు తీసి గొలుసు కట్టి చూసిన. కదల్లే. శివరాజప్ప."

ఒక అంచున నూనె వేలిముద్ర. ఆ నూనెలో అంటుకుని, చుట్టలు తిరిగిన సన్నటి ఇనుప పొట్టు ఒకటి ఉంది. చేతికి గుచ్చుకుంది. అలాంటి పొట్టు లేత్ మీద ఇనుము చెక్కితేనే రాలుతుంది. కిటికీ దగ్గర వెలుతురులో దాన్ని చాలాసేపు చూశాను. లేత్ ఉంది. ఆయనా దాని దగ్గరే ఉన్నాడు.

అదే రోజు జవాబు రాశాను. గొలుసు ఎంత పొడుగు? రెండు గొలుసులు కట్టి చూడండి, పక్కకు తిరగకుండా ఉంటుంది. నెల తర్వాత మళ్లీ కార్డు. "రెండు గొలుసులతోని చూసిన. కదల్లే." తర్వాత, నిండిన నూనెతొట్టిలో రేకుడబ్బా మీద తేల్చాడట. కాసేపు తిరిగిందట, కదల్లేదు. బ్యాటరీ మార్చాడట, కదల్లేదు. ఇప్పుడు ఆయనే కొత్త కొత్త పరీక్షలు కనిపెడుతున్నాడు, నాకు తట్టనివి కూడా. దసరా కార్డులో ఒక వాక్యం ఎక్కువుంది: "మహాదేవి మీకు దండం చెప్పమన్నది, రొట్టె విరుసుడు నేర్చుకున్నరా అని అడిగింది."

ఇప్పటికి ఏడు కార్డులు వచ్చాయి. ఏడింటిలోనూ ఫలితం అదే, కదల్లే. ఇక ముందు కూడా అదే ఉంటుంది, నాకు తెలుసు. పోస్టుమాన్ సైకిలు దిగి కార్డు చేతిలో పెట్టినప్పుడు వెంటనే తిప్పను. కొత్త కోడు వేసిన కుర్చీలో కూర్చుని, ఒక్క క్షణం, ఈసారి కదిలిందని ఉంటే బాగుండు అనుకుంటాను. ఆ సంగతి ఆయనకు ఇంకా రాయలేదు.